డ్రైవ్‌ల ఫాల్ట్ కోడ్‌లను తెలుగులో రాసి ప్యానెల్ తలుపుకి అంటించాలి

సంపాదకులు గారికి నమస్కారం.

రైస్ మిల్లుల్లో మోటార్ల వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌లు వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల తరచూ కాలిపోతున్నాయనీ, సీజన్ నడిమధ్యలో రెండు మూడు రోజులు మిల్లు ఆపుకోవలసి వస్తోందనీ కొందరు యజమానులు చెప్పిన మాటలను మీ జిల్లా పేజీల్లో చదివాను. నేను రాజాంలో ఉంటాను. తొమ్మిదేళ్లు ఒక జూట్ మిల్లులో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌గా చేసి, ఆ తరువాత సొంతంగా ఎలక్ట్రికల్ ప్యానెళ్ల (డ్రైవ్‌లు, స్విచ్చులు బిగించే పెట్టెల) రిపేర్లు చూసుకుంటున్నాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించినప్పుడు మా రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది గాని, నా టూల్ బ్యాగు మాత్రం ఇప్పటికీ పలాస నుంచి బొబ్బిలి దాకా తిరుగుతూనే ఉంది. ఆ తిరుగుడులో చూసినదాన్ని బట్టి ఆ వార్తలోని ఒక మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. కాలిపోయిందంటూ నాకు చూపించే డ్రైవ్‌లలో చాలావాటికి అసలేమీ కాలేదు. మోటారులోనో, కేబుల్‌లోనో, లోడులోనో, కరెంటు సరఫరాలోనో తేడా వచ్చినప్పుడు డ్రైవ్ దాన్ని పసిగట్టి తనంతట తాను ఆగిపోయి, ఎందుకు ఆగిందో తెరమీద నాలుగు అక్షరాల్లో చూపిస్తుంది. ఆ అక్షరాలను చదివేవారు లేక, రీసెట్ మీద రీసెట్ నొక్కడం వల్ల ఆ తరువాత నిజంగానే కాలినవి మరికొన్ని.

పాఠకుల కోసం పని తీరును రెండు మాటల్లో చెబుతాను. మూడు ఫేజుల 415 వోల్టుల ఏసీ కరెంటును డ్రైవ్ ముందు డీసీగా మార్చుకుంటుంది. ఆ డీసీ మామూలుగా 560, 590 వోల్టుల మధ్య ఉంటుంది. పెద్ద కెపాసిటర్లలో నిలిచిన ఆ డీసీని ఐజీబీటీలనే స్విచ్చులు సెకనుకు కొన్ని వేలసార్లు ముక్కలు చేసి, మనకు కావలసిన ఫ్రీక్వెన్సీలో మళ్లీ ఏసీగా మోటారుకు పంపుతాయి. హెర్ట్జ్‌లలో కొలిచే ఆ ఫ్రీక్వెన్సీ పెరిగితే మోటారు వేగం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కంపెనీని బట్టి కొంత తేడా ఉన్నా, ఆ డీసీ దాదాపు 800 వోల్టులకు ఎగబాకితే ఓవర్ వోల్టేజీ అనీ, 400 దరిదాపులకు పడిపోతే అండర్ వోల్టేజీ అనీ చెప్పి డ్రైవ్ ఆగిపోతుంది. మోటారుకు పోయే కరెంటు హద్దు దాటితే ఓవర్ కరెంట్, భూమిలోకి కారితే ఎర్త్ ఫాల్ట్. ముఖ్యమైన జబ్బులు ఇవే, ఇవి పట్టుమని పది కూడా ఉండవు.

చిక్కంతా పేర్లలో ఉంది. ఒకే జబ్బుకు ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. ఓవర్ వోల్టేజీని సీమెన్స్ మైక్రోమాస్టర్ ఎఫ్0002 అంటుంది, అలెన్ బ్రాడ్లీ పవర్‌ఫ్లెక్స్ 525 ఎఫ్005 అంటుంది, డెల్టా, యాస్కావా డ్రైవ్‌లు ఓవీ అంటాయి. మైక్రోమాస్టర్‌కు అలవాటుపడినవాడు పవర్‌ఫ్లెక్స్ తెరమీద ఎఫ్002 చూసి వోల్టేజీ పెరిగిందనుకుంటే తప్పులో కాలేసినట్టే, ఎందుకంటే అక్కడ దాని అర్థం బయటి ఇంటర్‌లాక్ (భద్రతా స్విచ్చు) సర్క్యూట్ తెరుచుకుందని. ఒక్కో మిల్లులో నాలుగు కంపెనీల డ్రైవ్‌లు ఉంటాయి, వాటి మాన్యువళ్లు ఇంగ్లీషులో ఉంటాయి, ఆ మాన్యువళ్లు ఆఫీసు బీరువాలో ఉంటాయి, బీరువా తాళం యజమాని గారి జేబులో ఉంటుంది. రాత్రి రెండు గంటలకు ప్యానెల్ ముందు నిలబడిన ఆపరేటర్ దగ్గర ఉన్నది రీసెట్ బటన్ ఒక్కటే.

అక్షరాల వెనక ఉండే అంకెను కూడా మనవాళ్లు పట్టించుకోరు. మిత్సుబిషి డ్రైవ్‌లో ఓవర్ కరెంట్ ఒకటి కాదు, మూడు. వేగం అందుకుంటున్నప్పుడు వస్తే ఈ.ఓసీ1, స్థిరంగా తిరుగుతున్నప్పుడు వస్తే ఈ.ఓసీ2, వేగం తగ్గుతున్నప్పుడు వస్తే ఈ.ఓసీ3. డెల్టాలో ఓసీఏ, ఓసీఎన్, ఓసీడీ అన్నవి కూడా ఇదే తేడాను చెబుతాయి. ఏం జరిగిందన్నదానికంటే ఎప్పుడు జరిగిందన్నదే నాకు ఎక్కువ ఉపయోగపడుతుంది. షాఫ్టు కదలకముందే, రన్ నొక్కిన మరుక్షణం ఓవర్ కరెంట్ వస్తే కేబుల్‌లోనో వైండింగ్‌లోనో షార్ట్ ఉందని అనుమానిస్తాను. ఇరవై, ముప్పై హెర్ట్జ్‌లు వచ్చాక పడితే లోడు బిగుసుకుందో, వేగం అందుకోవడానికి ఇచ్చిన సమయం చాలలేదో చూస్తాను. రెండు గంటలు హాయిగా తిరిగాక పడితే మిషనులోకి ఏదో అడ్డం వచ్చిందన్నమాట.

చీపురుపల్లి వైపు ఒక మిల్లులో కొన్నేళ్ల కిందట జరిగినది చెబుతాను. డ్రయ్యర్‌కు ధాన్యాన్ని ఎత్తిపోసే ఎలివేటర్ డ్రైవ్ తెల్లవారుజామున ఆగిపోయింది. ఆపరేటర్ ఫోను చేసి, “పొద్దుటినుంచి నొక్కుతానే ఉన్నాను మేస్త్రీ, రన్ ఇచ్చీసరికి ఆగిపోతోంది, ఏటి చెయ్యమంటారు?” అని అడిగాడు. మరి నొక్కవద్దని చెప్పి నేను బయలుదేరాను. నేను చేరేలోపు యజమాని గారు వచ్చి తన చేత్తో ఇంకో రెండుసార్లు నొక్కారట. నేను వెళ్లేసరికి డ్రైవ్ కింది భాగం నల్లబడి, ప్యానెల్ అంతా కాలిన వాసన కొడుతోంది. కేబుల్ ట్రే మూత తీసి చూస్తే, ధాన్యం రాలిన చోట ఎలుకలు కేబుల్ తోలు కొరికేశాయి, రెండు ఫేజుల రాగి ఒకదానికొకటి తగులుతోంది. రీసెట్ చేసి రన్ ఇచ్చిన ప్రతిసారీ డ్రైవ్ ఆ షార్ట్‌లోకే కరెంటు పంపింది. క్షణంలో వెయ్యో వంతు కూడా గడవకముందే తనను తాను ఆపుకుంది గాని, ఆ దెబ్బ మాత్రం ఐజీబీటీ మీద ప్రతిసారీ పడింది. పది దెబ్బలు ఓర్చుకున్నది ఆ తరువాతిదానికి ఓర్చుకోలేదు. మొదటిసారి ఆగినప్పుడే మెయిన్ ఆపి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక, యూ, వీ, డబ్ల్యూ టెర్మినళ్ల నుంచి మోటారు కేబుల్ విప్పి, మామూలు వీ బై ఎఫ్ మోడ్‌లో (ఫ్రీక్వెన్సీతో పాటు వోల్టేజీని మార్చే పద్ధతిలో) డ్రైవ్‌ను ఖాళీగా నడిపి చూసి ఉంటే సరిపోయేది. అలా నడిపినప్పుడు ఫాల్ట్ రాకపోతే డ్రైవ్ బాగున్నట్టూ, జబ్బు కేబుల్‌లోనో మోటారులోనో ఉన్నట్టూ తేలిపోతుంది. పదిహేను మీటర్ల కేబుల్‌తో పోయే ఖర్చు కొత్త డ్రైవ్ దాకా వెళ్లింది.

ఓవర్ వోల్టేజీ మాట వినగానే అందరూ స్తంభం వైపు చూస్తారు. వోల్టేజీ బయటినుంచే పెరగాలన్న నియమమేమీ లేదు. బండి పల్లంలోకి దిగుతున్నప్పుడు పగ్గం బిగించినా బరువంతా ఎద్దుల మీదికి వస్తుంది కదా, బరువైన ఫ్యాను చక్రాన్ని హఠాత్తుగా ఆపబోతే అదే జరుగుతుంది. చక్రంలో ఉన్న ఊపు మోటారును జనరేటరుగా మార్చి, కరెంటును వెనక్కి డ్రైవ్‌లోకి తోస్తుంది, డీసీ 800కు ఎగబాకుతుంది. పలాసలో ఒక జీడిపప్పు యూనిట్‌లో బాయిలర్ పొగ లాగే బ్లోయర్ ఆపినప్పుడల్లా ఓవీ అని పడుతుంటే, ఎవరో చెప్పిన మాట విని ఇంకా పెద్ద సైజు డ్రైవ్ కొని పెట్టారు. అదీ అలాగే పడింది. ఆగే సమయం ఐదు సెకన్లని పెట్టి ఉంటే, నేను దాన్ని నలభై ఐదు చేశాను. అంతే, ఆ తరువాత ఓవీ రాలేదు. వెంటనే ఆగి తీరవలసిన లిఫ్టులు, సెంట్రిఫ్యూజ్‌ల వంటివాటికి ఆ ఊపును వేడిగా ఖర్చు చేసే బ్రేకింగ్ రెసిస్టర్ పెట్టుకోవాలి. పొగ లాగే ఫ్యానుకు అంత తొందర దేనికి?

అయితే అన్ని ఓవర్ వోల్టేజీలూ మిషను తెచ్చేవే అని కూడా నేను అనను. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోని ఒక యూనిట్‌లో ఒక డ్రైవ్ స్థిరంగా తిరుగుతూ తిరుగుతూనే ఓవీ చూపించి ఆగిపోయేది. వేగం తగ్గించే సమయాన్ని ఎంత పెంచినా గుణం కనిపించలేదు. అక్కడి సూపర్‌వైజర్‌కు ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఆగిన ప్రతిసారీ గంట, నిమిషం రాయించండి బాబూ అని చెప్పి వచ్చేశాను. మూడు వారాల తరువాత చూస్తే, దాదాపు అన్నీ పొద్దున్న ఆరు దాటాక పావుగంటలోపువే. ఆరింటికి షిఫ్టు మారుతుంది, మోటార్లన్నీ ఒకదాని వెనక ఒకటి లేస్తాయి, పవర్ ఫ్యాక్టర్‌ను (తీసుకున్న కరెంటు ఎంత పనికి వస్తోందన్న లెక్కను) సరిచేసే ప్యానెల్‌లోని కెపాసిటర్లు వరసగా లైనులోకి వస్తాయి. ఆ ప్యానెల్ తెరిచాను. కెపాసిటర్‌ను లైనులో కలిపే స్విచ్చుకు, అంటే కెపాసిటర్ డ్యూటీ కాంటాక్టరుకు, పక్కన మెలికలు తిరిగిన సన్నని రెసిస్టెన్స్ తీగలు ఉంటాయి, కెపాసిటర్ లైనులోకి వచ్చేటప్పుడు మొదటి ఉరుకును అవే ఆపుతాయి. రెండు కాంటాక్టర్లకు ఆ తీగలు ఎప్పుడో తెగి ఉన్నాయి. అక్కడ పుట్టిన వోల్టేజీ ఎగుడు డ్రైవ్ దాకా వచ్చేది. కాంటాక్టర్లు మార్చి, డ్రైవ్ ముందు లైన్ చోక్ (అలాంటి ఎగుడును అణిచే తీగచుట్ట) బిగించాక ఆ పుస్తకంలో కొత్త పంక్తి పడలేదు. మీటరు పట్టుకుని ఆ ప్యానెల్ ముందు నేను రెండు రోజులు నిలబడినా దొరకనిది, నలభై రూపాయల పుస్తకంలో దొరికింది.

ఫేజు పోయిందన్న కోడ్ విషయంలో కూడా ఇలాగే తొందరపడి లైన్‌మన్‌ను పిలుస్తారు. మూడింటిలో ఒక ఫేజు లేకపోయినా లోడు తక్కువగా ఉన్నంతసేపు డ్రైవ్ కెపాసిటర్లలోని డీసీతో నెట్టుకొస్తుంది, లోడు పెరిగాక మాత్రమే ఆగుతుంది. ఖాళీగా తిరిగింది కాబట్టి కరెంటు బాగానే ఉందనుకోవడం అక్కడే పొరపాటవుతుంది. నేను చూసినవాటిలో తప్పు స్తంభం దగ్గర కంటే మన మెయిన్ స్విచ్చులోని వదులు లగ్గులోనో, మాడిన ఫ్యూజులోనో ఎక్కువసార్లు దొరికింది.

వర్షాకాలంలో వచ్చే ఎర్త్ ఫాల్ట్ గురించి రాయాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పొద్దున్న ఆరింటికి ఆగి, ఎండ ముదిరాక పదింటికి దానంతటదే సర్దుకునే ఎర్త్ ఫాల్ట్‌కు కారణం సాధారణంగా మోటారు టెర్మినల్ బాక్సులోకో, నేలలోని కేబుల్ జాయింటులోకో దిగిన తేమ. దాన్ని పట్టాలంటే 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) పెట్టాలి. పెట్టేముందు కేబుల్‌ను డ్రైవ్ వైపు పూర్తిగా విప్పేయాలి. కొత్తలో, చేతిలోకి డ్రైవ్ వచ్చిన మొదటి ఏడాది, నేను కేబుల్ విప్పకుండానే మెగ్గర్ తిప్పాను. మోటారు చెడిపోయిందో లేదో తెలిసేలోపే బాగున్న డ్రైవ్ చెడిపోయింది. అప్పటిదాకా స్టార్టర్లమీద మెగ్గర్ అలాగే పెట్టేవాళ్లం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, స్టార్టరులో మెగ్గర్‌కు భయపడే సున్నితమైన భాగాలేవీ లేవు. ఆ నెల జీతంలోంచి కోయలేదుగాని మా మేనేజర్ గారు చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

వేడి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చాలా డ్రైవ్‌ల పూర్తి సామర్థ్యాన్ని 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకే లెక్కగడతారు. మే నెలలో మన మిల్లు షెడ్డులో, ఊక బాయిలర్ పక్కన పెట్టిన ప్యానెల్ లోపల ఎంత ఉంటుందో చేయి పెడితే తెలుస్తుంది. ఓవర్ హీట్ కోడ్ వచ్చిందని ప్యానెల్ తలుపు తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. అది చల్లగాలి కంటే తవుడునే ఎక్కువ లోపలికి ఊదుతుంది. తవుడు హీట్ సింక్ (డ్రైవ్ వేడిని బయటికి పంపే లోహపు పలక) రెక్కల మధ్య గట్టిపడి, ఆ మరుసటి వారానికి ఇదే కోడ్ ఇంకా త్వరగా వస్తుంది. జూట్ మిల్లులో మేము ప్రతి ఆదివారం మెయిన్ ఆపి బ్రష్షుతో నార నూగు దులిపేవాళ్లం, కూలింగ్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూసేవాళ్లం.

వీటన్నింటికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటుంది. ఆపరేటర్లు మాటిమాటికీ పిలుస్తున్నారని, కొందరు ఆటో రీస్టార్ట్ అనే సెట్టింగును ఐదుకో పదికో పెట్టేసి వెళ్లిపోతున్నారు. అంటే ఫాల్ట్ వచ్చి ఆగాక, ఎవరూ బటన్ నొక్కకుండానే డ్రైవ్ అన్నిసార్లు తనంతట తాను మళ్లీ మొదలవుతుంది. ఎక్కడో దూరాన ఉన్న నీళ్ల పంపుకు అది పనికిరావచ్చు. కన్వేయర్‌కో, ఎలివేటర్‌కో పెడితే, ఆగిందనుకుని చేయి పెట్టి ధాన్యం తీస్తున్న మనిషి గతేమిటి? నేను వెళ్లిన ప్రతి మిల్లులో మొదట చూసేది ఆ సెట్టింగునే. మెయిన్ ఆపగానే స్క్రూడ్రైవర్ పెట్టేవారికి కూడా ఇదే సందర్భంలో చెబుతున్నాను. తెర ఆరిపోయినా కెపాసిటర్లలో ప్రాణాలు తీసేంత కరెంటు ఉంటుంది. చిన్న డ్రైవ్‌కు కనీసం ఐదు నిమిషాలు, పెద్దవాటికి మాన్యువల్‌లో రాసినంతసేపు ఆగి, ప్లస్ మైనస్ టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టి డీసీ దిగిపోయిందని నిర్ధారించుకున్న తరువాతే చేయి పెట్టాలి.

ఇక నేను కోరేది చాలా చిన్నది. డ్రైవ్ అమ్మి, బిగించి వెళ్లేవారు, ఆ డ్రైవ్ చూపించే ముఖ్యమైన పది పన్నెండు కోడ్‌లను, ఒక్కోదానికి మొదట చూడవలసిన చోటును తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేయించి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించాలి. కొనేవారు బిల్లు చెల్లించేముందు దాన్ని అడిగి పెట్టించుకోవాలి. సెట్టింగులకు పాస్‌వర్డ్ పెట్టి దాన్ని తమ దగ్గరే ఉంచుకునే అలవాటును కూడా మానుకోవాలి. గుర్తుచేసుకోవడానికి కూడా కష్టంగా ఉంటుంది, ఒక మిల్లులో వేగం అందుకునే సమయం రెండు సెకన్లు పెంచడానికి నేను అమ్మినవారి మనిషి కోసం రెండు రోజులు ఎదురుచూశాను. ఐటీఐల ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఏసీ డ్రైవ్‌తో మోటారు వేగం మార్చడం నేర్పుతారు, అది మంచిదే. నా దగ్గరకు పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రవాళ్లు నాబ్ తిప్పి వేగం పెంచగలుగుతున్నారు గాని, కోడ్ పడితే వెనక్కి తగ్గుతున్నారు. ల్యాబులోని డ్రైవ్‌కు అధ్యాపకులే కావాలని ఒక ఫేజు తీసేసి, ఆగే సమయం తగ్గించేసి, కోడ్ తెప్పించి, కారణం వెతకమంటే బాగుంటుందని నా ఉద్దేశం. డ్రైవ్ తన లోపల ఆఖరి కొన్ని ఫాల్ట్‌లను దాచుకుంటుందనీ, చాలావాటిలో ఆ క్షణాన ఉన్న హెర్ట్జ్, యాంపియర్లు, డీసీ వోల్టేజీ కూడా చూడవచ్చనీ చెప్పినప్పుడు ఆ కుర్రవాళ్ల ముఖాలు చూడాలి.

నేను చూసుకునే మిల్లుల్లో అంటించిన కాగితం నకలు ఒకటి ఈ ఉత్తరానికి జతచేస్తున్నాను. మీకు చోటుంటే అచ్చువేయండి, లేకపోతే అడిగినవారికి ఇవ్వండి. దాని కింద ఆరు గళ్లు గీశాను. తేదీ, సమయం, కోడ్, ఎన్ని హెర్ట్జ్‌ల దగ్గర పడింది, ఎన్ని యాంపియర్లు, అప్పుడు మిల్లులో ఏం జరుగుతోంది. ఆఖరి గడి అనవసరమని చాలామంది ఖాళీ వదిలేస్తారు. చీపురుపల్లి మిల్లులో కొత్త డ్రైవ్ పెట్టాక మళ్లీ ఓవర్ కరెంట్ పడిన రోజున అదే ఆపరేటర్ ఈసారి రీసెట్ నొక్కకుండా ఆ గడిలో ఇలా రాశాడు: “వాన. ఎలివేటర్ అడుగున ఎలుక చచ్చింది, వాసన వస్తోంది.” నేను ఫోనులో అది చదివించుకుని, బండి ఎక్కేముందే పదిహేను మీటర్ల కేబుల్ కూడా వెనక కట్టుకున్నాను.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్,
రాజాం, విజయనగరం జిల్లా.